మా బావ చావుకు కారణం ఏమిటి?

మా బావ 2014 నవంబరులో చనిపోయాడు. తాపీ మేస్త్రి. వయసు 37. ఆ రోజు పని ముగించుకుని, ఇద్దరు కూలీలను బండి మీద ఎక్కించుకుని ఇంటికి వస్తున్నాడు. హైదరాబాదు - విజయవాడ రహదారి మీద, మా ఊరి మలుపు ఇంకో అర కిలోమీటరు ఉందనగా వెనక నుంచి లారీ గుద్దింది. బావ అక్కడికక్కడే పోయాడు. ఒక కూలీకి కాలు విరిగింది. ఇంకొకతను గీరుకుపోయిన చేతులతో బయటపడ్డాడు.

మా అక్క గురించి నలుగురికీ చెప్పుకోవాలని ఇది రాయడం లేదు. ఆ చావు తర్వాత ఎనిమిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాను. ఇరవై ఏళ్ళుగా హేతువాద సంఘంలో ఉన్నవాడిని, మూఢనమ్మకాల మీద ఊరూరా మాట్లాడినవాడిని. అలాంటి నాకు కార్యకారణ సంబంధం గురించి ఒక పాఠం కోర్టులో దొరికింది. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

శవం ఇంటికి వచ్చిన రాత్రి నుంచి పదకొండో రోజు దాకా వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. "ఆయుష్షు గంతే రాసిపెట్టిండు దేవుడు." "ఏల్నాటి శని నడుస్తుండె గదా, అయ్యగారు ముందే జెప్పిండు." మా అక్క అత్తగారయితే ఏ జన్మలో చేసిన పాపమో అని గోడకు తల కొట్టుకుంది. ఓదార్పు కోసం అన్న మాటలే అవి, కాదనను. కానీ ఆరో రోజున లారీ ఓనరు తరఫున వచ్చిన పెద్దమనుషులు కూడా అదే మాట అన్నారు. "ఎవ్వరి చేతుల ఏమున్నది తమ్మీ, టైం వచ్చింది, పోయిండు. కోర్టులంటే ఏండ్లకేండ్లు. లక్ష రూపాయలు ఇప్పిస్తం, కాయితం మీద సంతకం పెట్టియ్యమను" అన్నారు.

గమనించారా? తలరాత అన్న మాట ఏడ్చేవాళ్ళ నోట ఓదార్పు. అదే మాట డబ్బు కట్టాల్సినవాడి నోట వచ్చేసరికి బేరం. దేవుడే చేశాడని ఒప్పుకుంటే మనిషిని అడగడానికి ఇంకేమీ మిగలదు. కర్మ సిద్ధాంతం వల్ల ఎవరికి లాభం అని మనం సభల్లో అడుగుతుంటాం. ఆ రోజు జవాబు మా ఇంటి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది.

నేను అక్కతో సంతకం పెట్టించలేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ నేనూ ఒక మాట అన్నాను. అక్క ముందే అన్నాను. "ముగ్గురు ఎక్కితే ఇట్ల గాక ఎట్లయితది? హెల్మెట్ లేదు, ఏం లేదు. తప్పు బావదే ఎక్కువ." అది తలరాత మాట కాదు, శాస్త్రీయమైన మాట అనుకున్నాను. నిజానికి అదీ మూఢనమ్మకమే అని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నాలుగు ప్రశ్నలు

నిర్లక్ష్యం కేసును కోర్టు ఎలా తేలుస్తుంది? మా వకీలు గారు నాకు చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. కోర్టు నాలుగు ప్రశ్నలు వేసుకుంటుంది. ఒకటి, ఎదుటివాడి పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఇతనికి ఉందా? రెండు, ఆ బాధ్యత తప్పాడా? మూడు, తప్పడం వల్లనే ఈ నష్టం జరిగిందా? నాలుగు, నష్టం ఎంత?

మొదటి ప్రశ్నకు జవాబు మనకు ఇంగ్లీషు న్యాయం నుంచి వచ్చింది. 1928లో స్కాట్లాండులో ఒకామె అల్లం బీరు తాగింది. సీసాలో కుళ్ళిన నత్త కనిపించిందనీ, తన ఆరోగ్యం చెడిందనీ దావా వేసింది. ఆ సీసా కొన్నది ఆమె కాదు, ఆమె స్నేహితురాలు. కంపెనీతో ఆమెకు ఏ ఒప్పందమూ లేదు. అయినా 1932లో అక్కడి ప్రభువుల సభ ముగ్గురికి ఇద్దరి తేడాతో ఆమె వైపు తీర్పు చెప్పింది. నా పని వల్ల ఎవరికి దెబ్బ తగలవచ్చునో నేను ముందే ఊహించగలనో వాళ్ళందరూ నాకు పొరుగువాళ్ళే అన్నది అందులోని సారం. తమాషా ఏమిటంటే ఆ సీసాలో నత్త నిజంగా ఉందా లేదా అన్నది కోర్టులో ఎన్నడూ తేలలేదు. అది నిజమే అనుకుంటే చట్టం ఏమంటుంది అన్నంత వరకే తేల్చారు, తర్వాత కేసు రాజీ అయింది. వాస్తవం వేరు, వాస్తవానికి వర్తించే సూత్రం వేరు. ఈ రెంటినీ కలగాపులగం చేయకుండా విడదీయడం మనం చర్చల్లో ఎంత తరచుగా మరచిపోతామో!

ఈ నాలుగు ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఏమిటంటే, ప్రతి ప్రశ్నకూ "లేదు" అన్న జవాబు రావచ్చు. తలరాత సిద్ధాంతానికి ఆ గుణం లేదు. మనిషి బతికితే ఆయుష్షు ఉంది, చస్తే తీరింది. ఏం జరిగినా సరిపోయే వివరణ దేన్నీ వివరించదు. కోర్టులో అలా కుదరదు. ఒక్క మెట్టు దగ్గర "లేదు" వచ్చినా దావా పడిపోతుంది.

మూడో ప్రశ్నకు "లేదు" వచ్చిన ఒక కేసు చెబుతాను. 1966 జనవరి 1 తెల్లవారుజామున లండనులో ముగ్గురు రాత్రి కాపలావాళ్ళు టీ తాగి వాంతులతో ఆసుపత్రికి వెళ్ళారు. డ్యూటీ డాక్టరు వచ్చి చూడలేదు. ఇంటికి వెళ్ళి మీ సొంత డాక్టరును పిలిపించుకోండి అని నర్సు ద్వారా ఫోనులో కబురు చెప్పాడు. కొన్ని గంటల్లో వాళ్ళలో ఒకతను చనిపోయాడు. టీలో ఆర్సెనిక్ కలిసింది. డాక్టరు చూడకపోవడం నిర్లక్ష్యమే అని కోర్టు ఒప్పుకుంది. కానీ చూసి చేర్చుకున్నా విషానికి విరుగుడు అందే లోపలే ఆ మనిషి చనిపోయి ఉండేవాడని సాక్ష్యం చెప్పింది. అందుకని భార్య దావా ఓడిపోయింది. తప్పు జరిగింది, చావూ జరిగింది, కానీ ఆ తప్పు వల్ల ఈ చావు రాలేదు. ఈ తీర్పు మనసుకు చేదుగా ఉంటుంది. తర్కానికి మాత్రం తప్పు పట్టలేం.

దేవుడి చర్య

చట్టంలో 'దేవుడి చర్య' అనే మాట నిజంగానే ఉంది. ఆ పేరు విని మన మిత్రులు మండిపడతారు. కానీ దాని అర్థం చూస్తే కోపం పోతుంది. మనిషి ప్రమేయం లేకుండా, మనిషి ముందుగా ఊహించి ఆపలేని ప్రకృతి ఉపద్రవం అని మాత్రమే దాని అర్థం. ఆ వాదన నిలబడడం చాలా కష్టం. వానాకాలంలో గోడ కూలి పిల్లలు చనిపోయిన ఒక మధ్యప్రదేశ్ కేసులో, 1958లో, వాన ఎక్కువ పడిందని ఇంటి యజమాని వాదించాడు. వానాకాలంలో ఆ మాత్రం వాన పడుతుందని ఎవరైనా అనుకోవలసిందే, దానికి తట్టుకునేలా గోడ ఉంచుకోవలసిందే అంది కోర్టు. ఢిల్లీ చాందినీచౌకులో పాత గడియార స్తంభం కూలి జనం చనిపోయినప్పుడు, 1966లో సుప్రీంకోర్టు మునిసిపాలిటీనే బాధ్యురాలిని చేసింది. దాన్ని కట్టి ఎనభై ఏళ్ళయింది, ఆ రకం సున్నంతో కట్టిన కట్టడం ఆయువు నలభై, నలభై అయిదేళ్ళు. ఆయువు అన్న మాటకు ఇక్కడ ఎంత మంచి అర్థం వచ్చిందో చూడండి! నుదుటి మీద రాసింది కాదు, ఇంజనీరు లెక్క కట్టగలిగింది.

ఈ మధ్య, 2023లో, బొంబాయి హైకోర్టులో ఒక కేసు. 2010లో పూణే నుంచి ముంబయి వెళ్తున్న కారు టైరు పేలి లోయలో పడింది, ఒకతను చనిపోయాడు. టైరు పేలడం దేవుడి చర్య అని బీమా కంపెనీ వాదించింది. వేగం ఎక్కువైనా, గాలి తక్కువైనా ఎక్కువైనా, టైరు అరిగినా పేలుతుంది, బయలుదేరే ముందు టైరు చూసుకోవలసింది మనిషే, ఇది మనిషి నిర్లక్ష్యమే అంది హైకోర్టు. ఏడాది పొడుగునా బండ్లకు ఆయుధపూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి, టైరులో గాలి మాత్రం చూసుకోని మన దేశంలో ఈ ఒక్క తీర్పును ప్రతి బస్టాండులో అంటించాలి.

రెండు కోర్టులు, రెండు జవాబులు

మా కేసులోకి వస్తాను. లారీ డ్రైవరు మీద పోలీసులు పెట్టిన క్రిమినల్ కేసు 2016లో కొట్టేశారు. కాలు విరిగిన కూలీ సాక్ష్యం చెబుతూ, చీకట్లో డ్రైవరు మొహం చూడలేదు అన్నాడు. నిజమే చెప్పాడు. లారీ నంబరు దొరికింది, లారీ పట్టుబడింది, కానీ ఆ సమయానికి దాన్ని నడుపుతున్నది ఇతనే అని అనుమానానికి తావు లేకుండా తేలలేదు. ఊళ్ళో వెంటనే మొదలుపెట్టారు. "చూసినవా, కోర్టే తప్పు లేదన్నది. నువ్వు ఊకె తిరుగుతున్నవు."

ఇక్కడ చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా పొరబడతారు. క్రిమినల్ కోర్టు అడిగేది, ఈ మనిషిని జైలుకు పంపేంత నిశ్చయంగా రుజువయిందా అని. సివిల్ కోర్టు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ అడిగేది, రెండు కథల్లో ఏది ఎక్కువ సంభవం అని. త్రాసు ఏ పక్కకు కాస్త మొగ్గినా చాలు. మోటారు ప్రమాదాల కేసుల్లో ఏదో చిన్న అనుమానం పట్టుకుని బాధ్యులను తప్పించవద్దని 1980లోనే జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. రుజువు బరువు పని బట్టి మారడం అన్యాయం కాదు. తప్పు తీర్పు వల్ల ఒక అమాయకుడు జైల్లో కూర్చోవడం, తప్పు తీర్పు వల్ల ఒక బీమా కంపెనీ డబ్బు కట్టడం, ఈ రెండూ ఒకటి కావు. ఏ పొరపాటు ఎంత ఖరీదైనదో ముందే ఆలోచించి గీత గీశారు.

మా ట్రిబ్యునల్‌లో డ్రైవరు ఎవరన్నది ముఖ్యం కాలేదు. లారీ ఆ ఓనరుది, దానికి బీమా ఉంది. పంచనామాలో టైరు జాడలు రోడ్డుకు ఎడమ వైపున ఉన్నాయి, బండి వెనక భాగం నుజ్జయింది. నడిపినవాడు ఎవడైనా వెనక నుంచి గుద్దాడన్నది స్పష్టం. బీమా కంపెనీ డ్రైవరును సాక్షిగా పిలవనూ లేదు.

మనిషికి లెక్క కట్టడం

నాలుగో ప్రశ్న, నష్టం ఎంత? ప్రాణానికి వెల కడతారా అని అక్క అత్తగారు అడిగింది. వెల కట్టరు. ఆ మనిషి ఉంటే ఇంటికి ఏం వచ్చేదో లెక్క కడతారు.

2009 దాకా ఈ లెక్క జడ్జికొక రకంగా ఉండేది. ఆ ఏడాది సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఒక పట్టిక ఇచ్చింది. చనిపోయినవాళ్ళ వయసు 15 నుంచి 25 అయితే వార్షిక నష్టాన్ని 18తో గుణించాలి, 36 నుంచి 40 అయితే 15తో, 56 నుంచి 60 అయితే 9తో. సొంత ఖర్చు కింద పెళ్ళికానివాళ్ళకు సగం, ఆధారపడ్డవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురుంటే నాలుగో వంతు తీసేయాలి. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో విషయం తేల్చింది. సొంతంగా పని చేసుకునేవాడికి నలభై లోపు వయసైతే, ముందు ముందు పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలపాలి. నెల జీతం ఉన్నవాళ్ళ ఆదాయమే పెరుగుతుంది, మేస్త్రి కూలి పెరగదు అన్న అపోహకు అక్కడ తెరపడింది.

2018 మొదట్లో మా ట్రిబ్యునల్ చేసిన లెక్క ఇది. బావ రోజుకు అయిదు వందల పైనే తెచ్చేవాడు. కానీ కాగితం లేదు. మేస్త్రికి జీతం రసీదు ఎవరిస్తారు? కోర్టు నెలకు 6,000 అని అనుకుంది. ఏడాదికి 72,000. దానికి 40 శాతం కలిపితే 1,00,800. అక్క, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, మొత్తం నలుగురు కాబట్టి నాలుగో వంతు తీసేస్తే 75,600. దాన్ని 15తో గుణిస్తే 11,34,000. భార్యకు సహచర్యం పోయినందుకు 40,000, ఆస్తి నష్టం కింద 15,000, అంత్యక్రియలకు 15,000. మొత్తం 12,04,000.

ఆ తర్వాతి పేరాలో ట్రిబ్యునల్ రాసింది: బండి మీద ముగ్గురు ఉన్నారు, మృతుడు హెల్మెట్ పెట్టుకోలేదు, కాబట్టి అతని నిర్లక్ష్యం కూడా 25 శాతం ఉంది. మూడు లక్షలా వెయ్యి రూపాయలు కోశారు.

ఆ పేరా వింటుంటే అక్క నా వైపు చూసింది. ఏమీ అనలేదు. నేను నాలుగేళ్ళ క్రితం అన్న మాటే జడ్జి గారు రాశారు, అంతే.

నా మూఢనమ్మకం

అప్పీలు వేద్దాం అన్నది వకీలు గారు. నేనే వెనకాడాను. ముగ్గురు ఎక్కడం తప్పే కదా సార్, చట్టం ఒప్పుకోదు కదా అన్నాను. ఆయన ఒక ప్రశ్న అడిగారు. "బండి మీద మీ బావ ఒక్కడే ఉంటే లారీ గుద్దేది కాదా?"

ఆలోచించాను. బండి ఎడమ పక్కన పోతోంది. లారీ వెనక నుంచి వచ్చింది. ముగ్గురి బరువుకు బండి ఊగి లారీ కింద పడిందని ఎవరూ చెప్పలేదు. ఒక్కడే ఉన్నా గుద్దేది. "హెల్మెట్ ఉంటే బతికేవాడా?" పోస్టుమార్టం రిపోర్టు నా సంచీలోనే ఉంది, నాలుగేళ్ళుగా మోస్తున్నాను. చావుకు కారణం ఛాతీ నలిగి లోపల రక్తస్రావం. తలకు దెబ్బే లేదు.

నేను ఆ రిపోర్టు చదవలేదని కాదు. చదివాను. కానీ నా మనసులో తీర్పు ముందే అయిపోయింది. చట్టం తప్పినవాడు, కాబట్టి చావుకు అతనే కారణం. పాపం చేశాడు కాబట్టి శిక్ష పడింది అన్న అత్తమ్మ మాటకూ నా మాటకూ తేడా ఎక్కడుంది? పాపం అన్న చోట ట్రాఫిక్ రూల్ పెట్టాను, అంతే. తప్పు చేసినవాడికి కీడు జరిగితే ఆ కీడుకు ఆ తప్పే కారణమని అనుకోవడం మన బుర్రకు ఎంత హాయిగా ఉంటుందంటే, మధ్యలో ఉండాల్సిన గొలుసు ఉందా లేదా అని చూడం. శని ముందు నవ్వినవాణ్ణి నేను, సరిగ్గా అదే గుంటలో పడ్డాను.

సుప్రీంకోర్టు ఈ సంగతి అప్పటికే ఒకసారి చెప్పింది. 2008లో, లైసెన్సు లేకుండా బండి నడపడం నేరమే కావచ్చు గానీ ప్రమాదంలో అతని తప్పు ఉందనడానికి అదొక్కటే చాలదని చెప్పింది. మా అప్పీలు హైకోర్టులో ఉండగానే 2020 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. అచ్చం మాలాంటి కేసు. ఒకే మోటారుసైకిలు మీద ముగ్గురు, వెనక నుంచి కారు గుద్దింది. ముగ్గురు ఎక్కడం చట్ట ఉల్లంఘన కావచ్చు, కానీ ఆ ఉల్లంఘన వల్ల ప్రమాదం జరిగిందనో, దెబ్బ తీవ్రమయిందనో చూపకపోతే పరిహారం కోయడానికి వీల్లేదంది కోర్టు. 2022లో తెలంగాణ హైకోర్టు మా 25 శాతం కోత తీసేసింది. పిల్లలిద్దరికీ, అత్తమ్మకూ తలా 40 వేలు కలిపి 13,24,000 చేసింది, వడ్డీ వేరే.

తప్పుగా అర్థం చేసుకోకండి. ముగ్గురు ఎక్కండి, హెల్మెట్ పారేయండి అని నేను అనడం లేదు. తల పగిలి చనిపోయి ఉంటే లెక్క ఇంకోలా ఉండేది, ఉండాలి కూడా. నేననేది ఒక్కటే, ప్రతిసారీ గొలుసు చూడాలి.

కోర్టు దేవుడు కాదు

ఇంత చెప్పాను కాబట్టి కోర్టులకు భజన చేస్తున్నానని కొందరు అనవచ్చు. లేదు. రోజుకు అయిదు వందలు తెచ్చేవాడికి నెలకు ఆరు వేలని రాయడం వాస్తవం కాదు, అంచనా. కాగితం లేనివాడి మీద ఆ అంచనా ఎప్పుడూ తక్కువ వైపుకే పడుతుంది. ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఎనిమిదేళ్ళలో మా పెద్ద మేనల్లుడు చదువు మానేసి సెంట్రింగు పనికి వెళ్ళాడు. ఏ వడ్డీ దాన్ని తిరిగి ఇవ్వదు.

ఆడవాళ్ళ పని సంగతి చూడండి. మోటారు వాహనాల చట్టంలోని పాత పట్టికలో సంపాదన లేని భార్య విలువ భర్త ఆదాయంలో మూడో వంతు! 2001లో సుప్రీంకోర్టు ఒక అగ్నిప్రమాదం కేసులో గృహిణి సేవలకు నెలకు 3,000 అని లెక్క కట్టింది. 2021లో మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ ఒక తీర్పులో ప్రభుత్వ సర్వే అంకెలు ముందు పెట్టారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ పనికి ఆర్థిక విలువ లేదనుకోవడం పొరపాటని రాశారు. ఎప్పటినుంచో కళ్ళ ముందున్న విషయం, అంకెలు వచ్చాక గానీ తీర్పులోకి ఎక్కలేదు.

వైద్య నిర్లక్ష్యంలో చిక్కు ఇంకా ఎక్కువ. రోగి చనిపోయినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది సరైనదే. ఫలితం చూసి తప్పు నిర్ణయించడం మన పాత జబ్బు. కానీ డాక్టరు తప్పు డాక్టర్లే చెప్పాలంటే, తోటివాడి మీద సాక్ష్యం చెప్పేదెవరు? 2010లో మన హైదరాబాదు కేసొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మలేరియా జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదు, పైకి కనిపించే తప్పుకు మామూలు తెలివి చాలంది కోర్టు. అంతకు ఏడాది ముందు నిమ్స్ కేసు. 1990లో ఇరవై ఏళ్ళ ఇంజనీరింగు విద్యార్థి ఛాతీలో కణితికని వెళ్ళి, ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుపడి బయటికి వచ్చాడు. ఆయన చక్రాల కుర్చీలోనే వచ్చి సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నారు. 2009లో కోటి రూపాయలు ఇవ్వమన్నారు. పందొమ్మిదేళ్ళు!

కాబట్టి కోర్టు తప్పు చేస్తుంది, ఆలస్యం చేస్తుంది, లేనివాడికి తక్కువ అంచనా కడుతుంది. కానీ మా ట్రిబ్యునల్ చేసిన తప్పును హైకోర్టు దిద్దింది. ఎందుకు దిద్దగలిగింది? ట్రిబ్యునల్ తన కారణాలు కాగితం మీద రాసింది కాబట్టి. కారణం రాస్తే, ఆ కారణం తప్పని చూపించడానికి ఎవరికైనా వీలుంటుంది. తలరాత మీద అప్పీలు లేదు, ఎందుకంటే ఆ రాత ఎవరికీ కనిపించదు.

మా అక్క నాస్తికురాలు కాలేదు. ఇప్పటికీ శనివారం గుడికి వెళుతుంది. నేను వాదించడం మానేశాను. కానీ పోయినేడు మా వాడకట్టులో ఒకామె భర్త రైసుమిల్లులో బెల్టుకు చిక్కి చనిపోయాడు. మూడో రోజే మిల్లు తరఫు పెద్దమనుషులు కాగితం పట్టుకుని వచ్చారు. అక్క ఎవరూ పిలవకుండానే వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

"దేవుడు రాసిండో లేదో మనకెర్క లేదు గని చెల్లె, ఆ బెల్టుకు జాలీ ఎందుకు పెట్టలేదో అది అడుగు. ముందుగాల ఎఫ్ఐఆర్ కాపీ తీసుకో. ఏ కాయితం మీద సంతకం పెట్టకు."